ప్లాట్లు వేసినవాళ్లు నీళ్లకు ఎంతివ్వాలి?

గోదావరి జిల్లాల్లో తాగునీటికి ఇబ్బంది అంటే రాయలసీమ వాళ్లు నవ్వుతారు. నవ్వినా తప్పులేదు. ధవళేశ్వరం దిగువన ఏటా వరద నీరు వేల టీఎంసీల లెక్కన సముద్రంలో కలుస్తుంది. ఏ రోడ్డెక్కినా పక్కన కాలువ, కాలువ దిగితే బోదె, బోదె దాటితే చెరువు. అయినా భీమవరం, నరసాపురం, పాలకొల్లు, అమలాపురం వైపు ఏ వీధిలోకెళ్లినా పొద్దున్నే ఇరవై లీటర్ల టిన్నులు దింపుతున్న ఆటో కనిపిస్తుంది. కుళాయి నీళ్లు గిన్నెలకూ బట్టలకూ, టిన్ను నీళ్లు తాగడానికి. డెల్టాలో చాలా ఏళ్లుగా ఇదే ఏర్పాటు.

కారణం ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. దిగువ డెల్టాలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి, లేకపోతే చప్పనీళ్లు. కాబట్టి పట్టణమైనా పల్లెటూరైనా కాలువ మీదే బతకాలి. ఆ కాలువేమో ఏడాది పొడవునా పారదు. దాళ్వా కోతలయ్యాక, ఏప్రిల్ నడిమికో చివరికో కాలువలు కట్టేస్తారు. మళ్లీ వదిలేది జూన్‌లోనే. మధ్యలో నెలన్నర నుంచి రెండు నెలలపాటు కాలువలో పూడిక తీత, లాకుల మరమ్మతులు. ఆ రోజుల్లో ఊరంతా తాగేది అంతకు ముందు నింపిపెట్టుకున్న చెరువు నీళ్లే. పాత మంచినీటి చెరువుకు ఇంజనీర్లు సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు అని పేరు పెట్టారు. కాకినాడకు అరట్లకట్ట, సామర్లకోటల్లో ఉన్నవీ, ఏలూరుకు పంపుల చెరువూ ఇలాంటివే. డెల్టా పట్టణానికి తాగునీళ్లు ఎన్ని ఉన్నాయన్నది గోదావరిని చూసి చెప్పేది కాదు, ఏప్రిల్ నెలాఖరుకి ఆ చెరువులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో చూసి చెప్పేది.

ఇప్పుడు రెండో బొమ్మ చూడండి. ఊరి చివర పదెకరాల వరిచేను. మూడు పంటల కాలం గడవకముందే అది వెంచర్ అవుతుంది. బోదె పూడుస్తారు, టిప్పర్లతో మట్టి తోలి మెరక చేస్తారు, ఆర్చి కడతారు, నలభై అడుగుల సిమెంటు రోడ్డు పోస్తారు, డివైడర్‌లో ఈతచెట్ల లాంటివేవో నాటుతారు. ఓ మూలన ఓవర్‌హెడ్ ట్యాంకు లేస్తుంది. బ్రోచర్‌లో దాని ఫొటో పెద్దదిగా వేసి ‘24 గంటల మంచినీటి సౌకర్యం’ అంటారు. ట్యాంకు నిజమే, పైపులూ నిజమే. ట్యాంకులోకి నీళ్లెక్కడినుంచి వస్తాయని మాత్రం ప్లాటు కొనే రోజున ఎవరూ అడగరు. ఆ ట్యాంకు కింద ఉన్న బోరు ఉప్పుదని ఇల్లు కట్టుకున్నాక మొదటి వేసవిలో తెలుస్తుంది. అప్పుడు కాలనీవాసులంతా కలిసి మున్సిపల్ ఆఫీసుకో పంచాయతీకో వెళ్లి కుళాయి కనెక్షన్ అడుగుతారు. అప్పటికే చాలీచాలని చెరువు మీద మరో నూట యాభై ఇళ్లు పడతాయి.

ఈ ఖర్చు ఎవరిది? పాత ఊళ్లో యాభై ఏళ్లుగా పన్ను కడుతున్నవాళ్లదా, కొత్తగా ప్లాటు కొన్నవాడిదా, ఎకరాల లెక్కన కొని గజాల లెక్కన అమ్మినవాడిదా, లేక కేంద్రం అమృత్ పేరుతో ఎప్పుడో ఇచ్చే గ్రాంటుదా? ప్రపంచంలో నగరాలు పెరిగిన ప్రతిచోటా ఈ ప్రశ్న వచ్చింది. జవాబు కూడా ఇంచుమించు ఒకటే వచ్చింది: భూమి రూపం మార్చి లాభపడినవాడు ముందుగానే తన వంతు కట్టాలి. నేనూ ఆ పక్షమే. గొడవ సూత్రం దగ్గర లేదు. మన దగ్గర ఆ రుసుము పేర్లు మార్చుకుంటూ వసూలవుతూనే ఉంది, చెరువు మాత్రం ఎవరూ తవ్వడం లేదు. ఈ వ్యాసం ఆ వ్యవహారం గురించే.

ముందు పాత కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే డెల్టాకు ఇది కొత్త పాఠమేమీ కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను మనం కాటన్ దొర పుణ్యంగానే గుర్తుంచుకుంటాం. ఈస్టిండియా కంపెనీ మాత్రం దాన్ని రాబడిగా చూసింది. నీళ్లు రాగానే మెట్ట పల్లం అయింది, పల్లం విలువ పెరిగింది, పెరిగిన విలువలోంచి సర్కారు తన వాటా నీటితీరువాగా తీసుకుంది. జమీందారీ, ఇనాం భూముల్లోకి సర్కారు కాలువ నీరు పారితే డబ్బు ఎలా రాబట్టాలన్న తగవులోంచే 1865 మద్రాసు ఇరిగేషన్ సెస్ చట్టం వచ్చింది. సర్కారు ఖర్చుతో వచ్చిన నీళ్లవల్ల నీ భూమి బాగుపడింది కాబట్టి నువ్వు కొంత కట్టు అన్న మాటను గోదావరి రైతు నూట అరవై ఏళ్ల కిందటే విన్నాడు, తిట్టుకుంటూనే కట్టాడు. అదే చేను ఇవాళ ప్లాట్లుగా మారి అంతకు ఎన్నో రెట్లు పలుకుతుంటే, ఆ పెరుగుదలలోంచి నీళ్లకు వాటా అడగడం ఏదో విడ్డూరంలా మాట్లాడేవాళ్లకు ఈ చరిత్ర గుర్తుచేయాలి. పైగా రైతు దగ్గర వసూలు చేసినప్పుడు కాలువ తవ్వాకే చేశారు.

పట్టణాల విషయంలోనూ చట్టం ఆలస్యంగా రాలేదు. 1920 మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టంలోనే బెటర్‌మెంట్ కంట్రిబ్యూషన్ ఉంది. పట్టణ పథకంవల్ల స్థలం విలువ పెరిగితే యజమాని అందులో కొంత చెల్లించాలని దాని భావం. ఆ చట్టమే తర్వాత ఆంధ్రప్రదేశ్ టౌన్ ప్లానింగ్ చట్టమైంది. 1975లో అర్బన్ ఏరియాస్ డెవలప్‌మెంట్ చట్టం డెవలప్‌మెంట్ ఛార్జీలు తెచ్చింది. రాష్ట్రం విడిపోయాక 2016లో దాని స్థానంలో మెట్రోపాలిటన్ రీజియన్, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం వచ్చింది. దానికింద 2017లో రాజమండ్రి, కాకినాడలను కలిపి గుడా అనే సంస్థ ఏర్పడింది. తర్వాత దాన్ని విడదీసి రాజమండ్రికి రుడా, కాకినాడకు కౌడా వచ్చాయి. ఏలూరుకు వేరే సంస్థ ఉంది. మధ్యలో 2006లో వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చే చట్టం ఒకటి. జనం నోట్లో అది నాలా. ఆ డబ్బు రెవెన్యూ శాఖ దారిన పోయింది. 2007 చివర, మళ్లీ 2020లో, తిరిగి 2025లో అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ, అంటే ఎల్‌ఆర్‌ఎస్. ఇల్లు కట్టబోయేవాడికి ప్లాను దగ్గర బెటర్‌మెంట్ ఛార్జి, డెవలప్‌మెంట్ ఛార్జి, ఖాళీ స్థలం ఛార్జి, ఖాళీ స్థలం పన్ను బకాయి, ఆపైన కుళాయి డిపాజిట్. ప్లాను చలానా ఒకటి చేతిలోకి తీసుకుని చదివితే పంచాంగంలా ఉంటుంది. అందులో ‘మంచినీటి చెరువు కోసం’ అన్న పద్దు మాత్రం కనిపించదు.

చట్టం చేతకానిదేం కాదు. 2012 బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168, ఎత్తయిన భవనాలకు నగరస్థాయి మౌలిక సదుపాయాల ఇంపాక్ట్ ఫీజు వేస్తూ ఒక మంచి మాట రాసింది. ఆ డబ్బు విడి ఎస్క్రో ఖాతాలో ఉంచాలి, అందులో సగం అదే ప్రాంతంలో సదుపాయాలకు ఖర్చుపెట్టాలి, దానికో ప్రణాళిక తయారుచేయాలి. ఈ ఆలోచన 2006లో హైదరాబాద్ కోసం రాసిన జీవో 86 నాటిది. ఎల్‌ఆర్‌ఎస్ నిబంధనల్లోనూ వసూలైన డబ్బును విడిగా ఉంచి ఆ ప్రాంతాల సదుపాయాలకే వాడాలని ఉంది. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? కానీ ఇంపాక్ట్ ఫీజు లెక్క మొదలయ్యేది పదిహేను మీటర్లు దాటిన భవనాలతో. రాజమండ్రి, కాకినాడల్లో అలాంటివి లేస్తున్నాయి గానీ, తణుకులోనో మండపేటలోనో ఊరు పెరిగేది పైకి కాదు, చేలల్లోకి. నీళ్ల మీద ఎక్కువ బరువు పడేది లేఅవుట్ల వల్లే. గట్టి నిబంధన ఉన్నచోట లేఅవుట్లు లేవు, లేఅవుట్లు ఉన్నచోట ఆ నిబంధన లేదు.

2017 లేఅవుట్ నిబంధనలు మరో దారి పట్టాయి. వెంచర్ వేసేవాడు రోడ్లు, డ్రైన్లు, దీపాలు, నీటి ట్యాంకు, పైపులైన్లు తనే వేయాలి. పది శాతం ఖాళీ స్థలం వదలాలి. పనులన్నీ పూర్తయ్యేదాకా పదిహేను శాతం ప్లాట్లు అధికారుల పేర తనఖా ఉంచాలి. ఇది లేఅవుట్ లోపలి నీటికి సంబంధించిన బందోబస్తు. కంచె లోపల అంతా బాగానే ఉంటుంది. కంచె బయట, కాలువ దగ్గర, చెరువు దగ్గర, ఫిల్టర్ బెడ్ దగ్గర ఎవరు ఖర్చు పెట్టాలన్నది గాలికొదిలేశారు. తనఖా విడిపించుకోవడానికి ట్యాంకు కట్టి చూపిస్తే చాలు, అందులో తాగే నీళ్లు చూపించనక్కర్లేదు. నా లెక్కలో మన విధానంలో ఉన్న అసలు కంత ఇదే.

ఇక్కడ ఒక లెక్క వేసి చూద్దాం. పదెకరాల లేఅవుట్ అంటే 48,400 గజాలు. రోడ్లకు ముప్పై శాతం, ఖాళీ స్థలానికి పది శాతం తీసేస్తే అమ్ముడయ్యేవి 29,000 గజాలు. రెండొందల గజాల లెక్కన 145 ప్లాట్లు. ఇంటికి నలుగురు చొప్పున 580 మంది. మురుగు పైపులున్న పట్టణానికి కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ చెప్పిన ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. అంటే ఈ కాలనీకి రోజుకు 78,300 లీటర్లు. కాలువ అరవై రోజులు కట్టేస్తే కావాల్సింది దాదాపు 47 లక్షల లీటర్లు, అంటే 4,700 ఘనపు మీటర్లు. మే నెల ఎండకు ఆవిరయ్యేది, అడుగుకు ఇంకేది, తోడటానికి వీల్లేక అడుగున మిగిలే బురదనీరు, ఫిల్టర్ దగ్గర పోయేది కలుపుకుని 6,500 అనుకుందాం. నాలుగు మీటర్ల లోతు చెరువైతే ఇందుకు కావాల్సిన విస్తీర్ణం 1,625 చదరపు మీటర్లు. మన భాషలో నలభై సెంట్లు.

పదెకరాల వెంచర్‌కు నలభై సెంట్ల చెరువు! ఇంతే సంగతి. చెరువు తవ్వే చోట ఎకరం కోటి రూపాయలనుకుంటే స్థలం ఖర్చు నలభై లక్షలు. అమ్ముడయ్యే గజాల మీద పంచితే గజానికి 138 రూపాయలు. తవ్వకం, గట్లు, పంపులు, పైపు కలిపి మూడింతలు చేయండి, అయినా నాలుగొందల చిల్లర. గజం పదివేలకూ ఇరవై వేలకూ అమ్ముకునే చోట ఇది మధ్యవర్తి కమీషన్ కంటే పెద్దదేం కాదు. ఇళ్లు రెండంతస్తులై, పై వాటాలు అద్దెకిస్తే ఈ లెక్క రెట్టింపవుతుంది, నిజమే. అప్పుడు కూడా వెంచర్‌ను ముంచేంత భారం కాదు.

మరి ఈ రుసుము మీద అభ్యంతరాలేమిటి? బిల్డర్లు చెప్పేది ఒకటే మాట: మా మీద వేసింది కొనేవాడి మీదే పడుతుంది, మధ్యతరగతి వాడికి ఇల్లు దూరమవుతుంది. ఇందులో సగం నిజముంది. భూమి కొనేసి, ప్లాట్లకు అడ్వాన్సులు తీసుకున్నాక ప్రభుత్వం హఠాత్తుగా కొత్త ఛార్జి వేస్తే అది నేరుగా కొనేవాడి నెత్తికే వస్తుంది. కానీ రుసుము ఎంతో ముందే తెలిసి, నాలుగైదేళ్లపాటు మారదని నమ్మకం ఉంటే లెక్క మారుతుంది. వెంచర్ వేసేవాడు ఎకరం ఎంతకు కొనాలో ఆ రుసుము తీసేసి బేరమాడతాడు. భారంలో పెద్ద భాగం చేను అమ్మేవాడి ధరలోంచి తగ్గుతుంది. ఆ చేనుకు ఆ ధర రైతు చెమటవల్ల రాలేదు, పక్కన ఊరు పెరగడంవల్ల వచ్చింది. అక్కడ కోత పడితే అన్యాయం జరిగిందనలేం. కాబట్టి రుసుము ఎంతన్నదాని కంటే ఎప్పుడు చెప్పారన్నది ముఖ్యం.

ఈ వాదన ఆస్ట్రేలియాలో పూర్తి చక్రం తిరిగింది. సిడ్నీలో కొత్త ఇళ్లకు నీటి సదుపాయాల ఛార్జీని ఇళ్ల ధరలు తగ్గుతాయన్న ఆశతో 2008లో సున్నా చేశారు. ఖర్చు మాత్రం సున్నా కాలేదు, పాత ఖాతాదారుల నీటి బిల్లుల్లోకి చేరింది. చివరికి 2024 జులై నుంచి దశలవారీగా మళ్లీ ఆ ఛార్జీ తెచ్చారు. ఆ పదహారేళ్లలో అక్కడ ఇళ్లు చవకయ్యాయని ఏ సిడ్నీ వాసీ అనడు.

రెండో అభ్యంతరం కోర్టులది, నా దృష్టిలో ఇది ఎక్కువ బరువైనది. పన్నుకూ రుసుముకూ తేడా ఏమిటన్నది 1954 నాటి శీరూరు మఠం కేసు నుంచి నడుస్తోంది. పన్నుకు బదులు చూపించనక్కర్లేదు, రుసుము తీసుకుంటే మాత్రం దానికి తగ్గ సేవ కనిపించాలి. 1983లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో, అంటే మార్కెట్ యార్డు ఫీజుల తగవులో, సుప్రీంకోర్టు కొంత పట్టు సడలించింది. కట్టిన ప్రతి రూపాయికీ సరిగ్గా రూపాయి సేవ తూచి చూపించనక్కర్లేదు, మొత్తం మీద సంబంధం ఉంటే చాలంది. 1992లో అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసులో మరో హెచ్చరిక చేసింది: చట్టంలో స్పష్టంగా అధికారం లేకపోతే అభివృద్ధి రుసుము వసూలు చేయడానికి వీల్లేదు. ఈ మూడూ కలిపి చదివితే మున్సిపల్ కమిషనర్‌కు దారి కనిపిస్తుంది. చట్టంలో రుసుము పేరు రాయాలి, దేనికో రాయాలి, ఆ డబ్బు దానికే వాడుతున్నట్టు చూపాలి.

డబ్బు దానికే వాడటం గురించి ఇంతకంటే సూటి తీర్పు అమెరికాలో ఉంది. ఫ్లోరిడా రాష్ట్రంలోని పినెల్లాస్ కౌంటీ బిల్డర్లు డునెడిన్ పట్టణం మీద వేసిన కేసులో 1976లో వచ్చింది అది. పట్టణం కొత్త ఇళ్లకు నీటి, మురుగు కనెక్షన్ల దగ్గర భారీ ఫీజు తీసుకుంటోంది. కోర్టు అంది: కొత్తగా వచ్చినవాళ్లవల్ల అయ్యే విస్తరణ ఖర్చు వాళ్ల దగ్గరే తీసుకోవడం సబబే, అందులో తప్పులేదు. కానీ ఆ డబ్బు విస్తరణకే ఖర్చుపెడతామని మీ ఆర్డినెన్సులో ఎక్కడా కట్టడి లేదు, కాబట్టి ఈ ఫీజు చెల్లదు. పట్టణం ఇంటికెళ్లి ఆర్డినెన్సు సరిచేసుకుంది. మన గోదావరి జిల్లాల్లో ఎవరైనా ఇదే ప్రశ్నతో కోర్టుకెళితే మన మున్సిపాలిటీలు ఏం చూపిస్తాయో ఆలోచించండి.

చూపించడానికి ఏమీ లేకపోవడానికి కారణాలున్నాయి, అన్నీ దురుద్దేశాలు కావు. మున్సిపాలిటీలో ఏ పేరుతో వచ్చిన డబ్బయినా సాధారణ నిధిలో పడితే మొదట జీతాలు, కరెంటు బిల్లులు, పారిశుద్ధ్యం తినేస్తాయి. పంపులకయ్యే కరెంటు బిల్లే చిన్న పట్టణానికి గుదిబండ. సొంత డబ్బు కూడా రాష్ట్ర ఖజానా చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్ గడప దాటి రావాల్సి వచ్చిన రోజుల్లో కాంట్రాక్టర్లు టెండర్లకే రావడం మానేశారు. నీళ్ల పనులకు మున్సిపాలిటీలు అలవాటుగా పైకి చూస్తాయి: 2015 నుంచి అమృత్, 2021 నుంచి అమృత్ 2.0, లక్షలోపు జనాభా ఉన్న యాభై పట్టణాలకు ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు అప్పు. గ్రాంటు వస్తే పని, రాకపోతే టిన్ను నీళ్లు. దీనికి తోడు ఒక్కో అనుమతి ఒక్కో ఆఫీసులో. లేఅవుట్ రుసుము పట్టణాభివృద్ధి సంస్థ తీసుకుంటుంది, నీళ్లివ్వాల్సింది పంచాయతీ. రాజమండ్రి చుట్టూ హుకుంపేట, బొమ్మూరు, కాతేరు, కొలమూరు, దివాన్‌చెరువు వైపు ఊరు పెరిగిన తీరు చూడండి. రోడ్డు దాటితే కార్పొరేషన్, ఇటు పంచాయతీ. ఇల్లు కొన్నవాడికి ఆ గీత కనబడదు, కుళాయి విప్పితే కనబడుతుంది.

రాజమండ్రి సంగతి మిగతా డెల్టాకు భిన్నమని కూడా చెప్పాలి. ఊరు ఏటి గట్టునే ఉంది, నీళ్లు గోదావరిలోంచి నేరుగా తోడుకుంటుంది, కాబట్టి చెరువు నిల్వ ప్రధాన సమస్య కాదు. అక్కడ ఖర్చు పంపింగుది, శుద్ధిది, చివరి వీధి దాకా పైపుది. పైగా నల్లా ఛానల్, ఆవ ఛానల్ ఊరి మురుగును మోసుకొచ్చి తాగే ఏట్లోనే కలుపుతాయి. కాబట్టి రాజమండ్రిలో నీటి రుసుమును మురుగు శుద్ధితో ముడిపెట్టాలి, భీమవరంలో చెరువుతో ముడిపెట్టాలి. విజయవాడలో కూర్చుని రాష్ట్రం మొత్తానికి ఒకే శాతం రాస్తే రెండు చోట్లా పనికిరాదు. ఏలూరు సంగతి ఇంకోలా ఉంది. 2020 డిసెంబరులో అక్కడ ఆరొందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోయినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, జాతీయ పోషకాహార సంస్థ అన్నీ దిగాయి. పురుగుమందుల అవశేషాల మీద అనుమానం నిలిచింది. కాలువ చివర ఉన్న ఊరికి నీళ్లెన్ని అన్నదొక్కటే ప్రశ్న కాదు, పైనున్న చేలూ రొయ్యల చెరువులూ కాలువలోకి ఏం వదిలాయన్నది కూడా. శుద్ధి ఖర్చు అక్కడ నిల్వ ఖర్చుకు తీసిపోదు.

ఇతర రాష్ట్రాల అనుభవం మిశ్రమం. తమిళనాడు 2007లో తన పట్టణ ప్రణాళిక చట్టాన్ని సవరించి పెద్ద భవనాలకు మౌలిక సదుపాయాల ఛార్జీ పెట్టింది. మద్రాసు నీటి బోర్డు అంతకు ముందునుంచే తనదైన అభివృద్ధి ఛార్జీ తీసుకుంటోంది. నీళ్లిచ్చేవాడే డబ్బు తీసుకుంటాడు, ఇది మనకు లేని సుగుణం. హరియాణాలో 1975 చట్టం కింద బాహ్య అభివృద్ధి ఛార్జీ ఉంది, వాడుకలో ఈడీసీ. అక్కడ ఫీజు వాయిదాల్లో కట్టుకోమన్నారు. గురుగ్రామ్ బిల్డర్లు ప్లాట్లూ ఫ్లాట్లూ అమ్ముకుని వాయిదాలు ఎగ్గొట్టారు, బకాయిలు వేల కోట్లకు పోయాయి, నీళ్ల లారీల కోసం ఎదురుచూసేది ఫ్లాటు కొన్నవాళ్లు. ప్లాటు రిజిస్ట్రేషన్ కంటే ముందే డబ్బు చేతికి రావాలన్నది అక్కడ నేర్చుకోవాల్సిన సంగతి.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, 2025లో మన ప్రభుత్వం నాలా చట్టాన్ని ఎత్తేసి దాని స్థానంలో బాహ్య అభివృద్ధి ఛార్జీ తెచ్చే పనిలో పడింది. పేరు మార్పు మంచిదే. భూమి వాడకం మార్చినందుకు రెవెన్యూకు కట్టే జరిమానా లాంటిది పోయి, బయటి సదుపాయాల కోసం కట్టే రుసుము వస్తోంది. అయితే భూమి విలువలో ఇంత శాతమని కొలిస్తే రాబడి భూమి ధరను బట్టి వస్తుంది, నీటి అవసరాన్ని బట్టి కాదు. ఉప్పునీటి నరసాపురంలో చెరువు ఖర్చు ఎక్కువ, భూమి ధర తక్కువ. రాజమండ్రి బైపాస్ దగ్గర ఇందుకు తలకిందులు. రుసుములో కనీసం నీటి వాటానైనా ఎన్ని లీటర్ల నిల్వ కావాలన్న లెక్క మీద వేయకపోతే, ధరలున్న చోట డబ్బు మిగులుతుంది, ఉప్పునీళ్లున్న చోట చాలదు.

డబ్బు బదులు స్థలమే తీసుకోవచ్చు కదా అన్నది మరో సూచన. పదెకరాలకు నలభై సెంట్లు లేఅవుట్‌లోనే చెరువుకు వదలమంటే పోలా? చిన్న చిన్న చెరువులు తవ్వి ప్రయోజనం లేదు. ప్రతిదానికీ కాలువ నుంచి తూము, కాపలా, ఫిల్టరు కావాలి. అయిదేళ్లలో అది డంపింగ్ యార్డవుతుంది. డెల్టాలో పాత పంచాయతీ చెరువుల్లో చాలావాటి గతి అదే. వెంచర్లన్నీ డబ్బిస్తే ఊరికొక్కటి, కాలువ ఎగువన, ముప్పై నలభై ఎకరాల చెరువు తవ్వడమే మేలు. పెద్ద వెంచర్, యాభై ఎకరాలు దాటినది, అయితే స్థలం తీసుకోవడం ఆలోచించొచ్చు.

ప్రభుత్వమే వెంచర్ వేస్తే? ఈ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగరు. పేదలకు ఇళ్ల స్థలాలిచ్చిన కాలనీలు, టిడ్కో ఫ్లాట్ల సముదాయాలు డెల్టా పట్టణాల అంచుల్లో కొన్ని పెద్ద ప్రైవేటు వెంచర్ల కంటే పెద్దవి. వాటి నీళ్ల భారమూ అదే చెరువు మీద పడుతుంది. పేదవాడి దగ్గర రుసుము తీసుకోమని ఎవరూ అనరు. కానీ గృహనిర్మాణ శాఖ తన బడ్జెట్‌లోంచి మున్సిపాలిటీకి ఆ వాటా కట్టాలి. ప్రైవేటు వెంచర్‌కు ఓ న్యాయం, సర్కారు కాలనీకి ఓ న్యాయం అయితే, సర్కారు కాలనీలో ఉండే పేదలకే మొదట కుళాయి ఎండుతుంది.

విడి ఖాతా అన్నది అసాధ్యమని పెదవి విరిచేవాళ్లకు రెండు ఉదాహరణలు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1996 చట్టంతో మొదలుపెట్టి నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు తీసుకుంటున్నారు, ప్లాను దగ్గరే కడతాం. అది మున్సిపాలిటీ ఖర్చుల్లో కలవదు, కార్మికుల బోర్డుకు పోతుంది. రెండోది 2016 రెరా చట్టం. కొనేవాళ్లు ఇచ్చిన డబ్బులో డెబ్బై శాతం వేరే బ్యాంకు ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలని బిల్డర్‌ను కట్టడి చేసింది. వెంచర్‌వాడు వేరే ఖాతా తెరవగలిగినప్పుడు, జనం డబ్బుతోనే నడిచే మున్సిపాలిటీ ఎందుకు తెరవలేదు? బిల్డర్‌కు పెట్టిన షరతును మున్సిపల్ ఆఫీసుకూ పెట్టమనడమే, ఖాతాకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు, రూల్స్‌లో రెండు వాక్యాలు చాలు. ఒకటి, నీటి రుసుము విడి ఖాతాలోకి. రెండు, ఆ ఖాతా నిల్వ, ఖర్చు ఏడాదికోసారి పట్టణం నోటీసు బోర్డు మీదికి.

ఇక మిగిలింది ఇప్పటికే ప్లాట్లు కొన్నవాళ్ల బాధ. వెంచర్‌వాడు అనుమతి లేకుండా అమ్మి వెళ్లిపోయాడు, ఎల్‌ఆర్‌ఎస్ కట్టింది వీళ్లు. తెలంగాణలో 2020 పథకంలో ఖాళీ స్థలం లేని లేఅవుట్లకు ప్లాటు విలువలో పద్నాలుగు శాతం అడిగారు. మనవైపూ అదే పద్ధతి వచ్చింది. డబ్బు కట్టిన చేతికి నీళ్లు రాకపోవడం వీళ్లకు రెండో దెబ్బ. వీళ్ల డబ్బు ఏ మున్సిపాలిటీలో ఎంత ఉందో, ఎంత ఖర్చయిందో విడదీసి చూపడం కష్టమేం కాదు, చలానాలన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. అలా చూపించిన ఊళ్లో వీళ్లకు కుళాయి డిపాజిట్ మాఫీ చేయడం, వాళ్ల వీధికి పైపు వేయడం మొదటి పని కావాలి.

ఇదంతా అడగడానికి కౌన్సిల్ ఉండాలన్నది నిజం. రాజమండ్రిలో 2019లో పాలకవర్గం గడువు తీరాక పంచాయతీల విలీనం తగవులతో ఎన్నిక ఆగిపోయి ప్రత్యేకాధికారి పాలన నడిచింది. అయినా 2027 గోదావరి పుష్కరాలకు ఘాట్లు, రోడ్ల కోసం కోట్లలో ప్రతిపాదనలు తయారవుతున్నాయి. అదే ఫైళ్లలో హుకుంపేట, బొమ్మూరు దాకా పైపు, నల్లా ఛానల్ మురుగు శుద్ధి కూడా చేర్చి, వాటి ఖర్చులో ఎంత వంతు లేఅవుట్ల రుసుముదో పక్కన ఒక కాలమ్ గీసి అంకె వేయమంటే వేయడానికి పెద్ద శ్రమ ఉండదు. ఆ కాలమ్ ఖాళీగా వస్తే ఎందుకు ఖాళీగా ఉందో కార్పొరేషన్ చెప్పాలి.